రికెట్స్ గ్లెన్‌లో ఒక శరద్దినం

అక్టోబరు మాసం రెండవ శనివారం నాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని, ఇంకా చీకటి విడకముందే న్యూజెర్సీలోని మా ఇంటి నుండి బయలుదేరాము. కారులో వెనుక సీటు ఖాళీగా ఉంది. ఈ ఇరవై ఏళ్లలో మేము ఇద్దరమే కలిసి దూరప్రయాణం చేసిన జ్ఞాపకం లేదు. అబ్బాయి ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రం చేరాడు. చిన్నమ్మాయి ఆగస్టులో కళాశాల వసతిగృహానికి వెళ్లిపోయింది. అప్పటి నుండి మా ఇంట భోజనాల బల్ల మీద రెండే కంచాలు. కంచాలు తగ్గినట్లే మాటలూ తగ్గాయి. ఇన్నేళ్లు మేము మాట్లాడుకున్నదంతా పిల్లల గురించేనని, వారు ఇల్లు విడిచాక గాని మాకు తెలియలేదు.

మాట్లాడుకోవలసిన విషయం ఒకటి ఉండనే ఉంది. ప్రొద్దుటూరులో అమ్మ ఒంటరిగా ఉంది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. అమెరికా కాపురం చాలించి తిరిగి వెళ్దామని మాలో ఒకరి కోరిక. చిన్నమ్మాయి చదువు ముగిసే దాకా నాలుగేళ్లు ఆగుదామని మరొకరి మాట. రెండు నెలలుగా ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అది వాదంగానో మౌనంగానో ముగుస్తోంది. ఎవరు ఏ పక్షమో ఇక్కడ రాయడం లేదు. ఈ వ్యాసాన్ని ఇద్దరం కలిసి రాస్తున్నాము గనుక అది మా ఒప్పందం.

ఒక రోజంతా బయట గడిపితే మనసు తేలికపడుతుందేమోనని ఈ ప్రయాణం తలపెట్టాము. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 120కి పైగా రాష్ట్ర ఉద్యానవనాలు ఉన్నాయి. ఉద్యానవనమంటే పూలమళ్లు, ఊయలలు అనుకోరాదు. ఇవి అడవులు, కొండలు, సరస్సులు. రాష్ట్ర ప్రభుత్వం సంరక్షిస్తుంది. ప్రవేశ రుసుము లేదు. వాటిలో రికెట్స్ గ్లెన్ ఒకటి. 13,000 ఎకరాలకు పైబడిన అడవి. గ్లెన్ అంటే ఇరుకైన లోయ. కిచెన్ క్రీక్ అనే వాగు రెండు పాయలుగా రెండు లోయలలో దూకుతూ వచ్చి, కింద ఒకచోట కలిసి, మళ్లీ ఒకే వాగై పోతుంది. ఈ క్రమంలో ఏర్పడిన పేరున్న జలపాతాలు ఇరవైకి పైమాటే.

డెలావేర్ నదిని దాటి పెన్సిల్వేనియాలో ప్రవేశించేసరికి తెల్లవారింది. వెలుగు వచ్చేకొద్దీ కొండల రంగు బయటపడసాగింది. ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పాలి. మన భాషలో శరత్తు అంటే ఆకురాలు కాలం కాదు. వానలు వెనుకబట్టి, ఆకాశం నిర్మలమై, వెన్నెల పిండి ఆరబోసినట్లు కాసే కాలం. ఆకులు రాలేది శిశిరంలో, సంక్రాంతి దాటిన తరువాత. ఈ దేశంలో ఆ రెండూ కలిసిపోయాయి. మాసం మన శరత్తు, ఆకాశం మన శరత్తే, కాని చెట్టు శిశిరంలో ఉంది. పైగా మన శిశిరంలో ఆకు ఎండి, గోధుమరంగు తిరిగి, చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. ఇక్కడ రాలే ముందు పండుగ చేసుకుంటుంది. మేపుల్ ఆకు కుంకుమపువ్వు రంగు నుండి దానిమ్మ గింజ రంగు దాకా పోతుంది. బర్చ్, బీచ్ చెట్లవి పసుపు, రాగి రంగులు.

ఈ రంగుల వెనుక ఉన్న సంగతి చిన్నది. ఆకులో పసుపు ఎప్పుడూ ఉంటుంది, పత్రహరితం దాన్ని కప్పి ఉంచుతుంది. పగళ్లు కురచబడి చలి మొదలవగానే చెట్టు పత్రహరితాన్ని తయారుచేయడం మానుకుంటుంది. ఆకుపచ్చ తొలగి, లోపలున్న పసుపు పైకి వస్తుంది. ఎరుపు మాత్రం వేరు. అది చాలావరకు ఆ రోజులలోనే పుట్టేది. తొడిమ దగ్గర గట్టి పొర ఏర్పడి దారి మూసుకుపోతుండగా, ఆకులో చిక్కిన చక్కెరల నుండి ఎర్రని వర్ణకం తయారవుతుంది. పగలు ఎండ, రాత్రి చలి బాగా ఉన్న ఏడు ఎరుపు మరింత నిండుగా ఉంటుంది. మేము వెళ్లినది అటువంటి వారంలోనే, అల్‌హమ్దులిల్లాహ్.

రెడ్ రాక్ అనే చిన్న ఊరు దాటగానే దారి ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. బరువైన బండ్లు లాక్కుని వచ్చేవారు ఈ దారిన రావద్దని ముందే సూచన ఉంటుంది. కొండ పైన జీన్ సరస్సు. దానికి కొద్ది దూరంలో లేక్ రోజ్ అనే చోట కారు నిలిపాము. పేరుకు లేక్ అయినా సరస్సు ఎప్పుడో ఇంకిపోయిందట. ఇక్కడి నుండి గనోగా లోయ గుండా దిగి, రెండు పాయలు కలిసే చోటు చేరి, లీ లోయ గుండా పైకి ఎక్కి, హైలాండ్ బాట మీదుగా తిరిగి రావచ్చు. అంతా కలిపి 3.2 మైళ్లు, అంటే సుమారు ఐదు కిలోమీటర్లు. ఆ చుట్టులో పద్దెనిమిది జలపాతాలు. ఐదు కిలోమీటర్లు ఏపాటి, మధ్యాహ్నానికల్లా ముగించవచ్చని లెక్క వేసుకున్నాము. కాగితం మీది కిలోమీటరుకు, కొండదారి మీది కిలోమీటరుకు ఉన్న తేడా అప్పటికి మాకు తెలియదు.

వేట కాలం గనుక అడవిలో నడిచేవారు నారింజరంగు బట్టలు తొడగాలని సలహా ఇస్తారు. చిన్నమ్మాయి బడిలో పరుగు పందేలకు వాడిన రెండు పాత నారింజ చొక్కాలు మా కోట్ల మీద తగిలించుకున్నాము. పొట్టివి, బిగుతువి. అద్దంలో చూసుకోకపోవడమే మేలైంది. సంచిలో ఖీమా, పరాటాలు, ఫ్లాస్కునిండా టీ, చుట్టిన జానిమాజు ఉన్నాయి.

మా ఇద్దరిలో ఒకరిది వేగపు నడక, ఒకరిది నిదానపు నడక. పెళ్లయిన నాటి నుండి ఇంతే. కడప వీధులలోనైనా, ఇక్కడి అంగళ్లలోనైనా ఒకరు పది అడుగులు ముందుండి వెనక్కి తిరిగి చూస్తూ ఉంటారు, మరొకరు ఆ చూపును పట్టించుకోనట్లు వస్తూ ఉంటారు. ఈ కాలిబాట మరీ ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నడిచే వీలు లేదు. సహజంగానే వేగం గలవారు ముందు నడిచారు.

మొదటి జలపాతం మోహాక్. దాని కింద ఒనైడా, ఆపై కయూగా. ఒక్కొక్కదాని పక్కన పేరు రాసిన పలక ఉంటుంది. నీటి చప్పుడు మొదట గాలి వీచినట్లు వినిపించి, మలుపు తిరగగానే మీద పడుతుంది. రాళ్లు పొరలు పొరలుగా, పుస్తకాలు పేర్చినట్లు ఉన్నాయి. కొన్ని బూడిదరంగువి, కింది కొన్ని ఎర్రనివి. నీరు ఒక్కో పొర అంచున ఆగి, ఆలోచించి దూకినట్లు ఉంటుంది. మేము గండికోట చూసినవాళ్లము, తలకోన చూసినవాళ్లము. పెన్నా నది కోసిన గండికోట ముందు ఈ లోయ మూరెడు. తలకోన ఎత్తు ముందు ఈ జలపాతాలు బాలికలు. అయినా ఇంత కొద్ది దూరంలో ఇన్నిసార్లు, ప్రతిసారీ ఒక కొత్త తీరున దూకే వాగును మేము చూడలేదు.

నాలుగవది గనోగా. వీటన్నింటిలోకీ పెద్దది, 94 అడుగులు. దాని పక్కనే రాతిమెట్లు దిగాలి. మెట్ల మీద రాత్రి రాలిన ఆకులు తడిసి అంటుకుని ఉన్నాయి. చూపుకు తివాచీ, కాలికి సబ్బు. సరైన బూట్లు లేనిదే ఈ దారిన దిగవద్దని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇక్కడ జారిపడి గాయపడినవారు, ప్రాణం పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారని మేము వచ్చే ముందే చదివాము. చదవడం వేరు, జాగ్రత్తపడడం వేరు.

జలపాతాల పేర్ల వద్ద మేము కొంత ఆగాము. మోహాక్, ఒనైడా, కయూగా, సెనెకా, టస్కరోరా, అవతలి లోయలోని ఒనొండాగా. ఈ ఆరూ హోడెనొషోనీ అనే ఆదివాసీ సమాఖ్యలోని ఆరు జాతుల పేర్లు. మొదట ఐదు జాతులుండగా 1722లో టస్కరోరాలు వచ్చి చేరారు. డెలావేర్, మోహికన్, ఈరీ కూడా జాతుల పేర్లే. ఈ కొండల యజమాని పందొమ్మిదవ శతాబ్దంలో తన జలపాతాలకు వీరి పేర్లు పెట్టాడు. అప్పటికి ఆ జాతుల వారు ఈ కొండలలో లేరు. కొనెస్టోగా అనే పలక దగ్గర మాలో ఒకరు చాలాసేపు నిలబడిపోయారు. ఈ రాష్ట్రపు దక్షిణ భాగాన ఆ పేరుగల పల్లెలో మిగిలిన ఇరవై మంది కొనెస్టోగాలను 1763 డిసెంబరులో వలసవాదుల మూక ఒకటి చంపివేసింది. మొదట పల్లెలో ఆరుగురిని చంపింది. రక్షణ కోసం లాంకాస్టర్ పట్టణంలో ఉంచిన తక్కిన పద్నాలుగు మందిని, పిల్లలతో సహా, రెండు వారాలలోపే చంపింది. వారిని ఇప్పుడిక్కడ ఒక చిన్న చక్కని జలపాతం గుర్తుచేస్తోంది. పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవారు తీసుకుంటున్నారు. మేమూ అంతకుముందు తీసుకున్నాము.

టస్కరోరా దాటిన తరువాత ప్రమాదం జరిగింది. ప్రమాదమనడం పెద్దమాటే కావచ్చు. ముందు నడిచేవారు ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూస్తూ అడుగు వేశారు. ఆకుల కింద ఉన్నది మెట్టు కాదు, వేరు. కాలు మడతపడింది. పక్కకు ఒరిగి, ఒక హెమ్లాక్ మొదలును పట్టుకుని ఆగారు. ఆ మొదలు లేకుంటే ఆ పక్కన వాగులోకి పదిహేనడుగుల లోతు. "యా అల్లాహ్" అని ఇద్దరం ఒకేసారి అన్నాము. చాలాసేపటి వరకు ఆ పడినవారు లేవలేదు, నిలబడినవారు కదలలేదు.

చీలమండ వాచింది. ఎముక విరిగినట్లు లేదు, బరువు మోపితే నొప్పి, కాని మోపవచ్చు. వాగు నీటిలో ముంచిన తువాలు చుట్టాము. ఆ నీటి చల్లదనానికి మంచు అక్కరలేదు. ఫోన్లు తీసి చూస్తే రెండింటిలోనూ సిగ్నల్ లేదు. ఒకరిని పట్టుకుని ఒకరు రెండు పాయలు కలిసే చోటు దాకా దిగాము. దానికి వాటర్స్ మీట్ అని పేరు. అక్కడ వెడల్పైన రాళ్లు ఉన్నాయి, కూర్చోవడానికి చోటు ఉంది.

దారులు మూడు ఉన్నాయి. వాగు వెంట ఇంకా దిగితే 1.8 మైళ్లకు కింది రోడ్డు వస్తుంది. కాని మా కారు కొండ పైన ఉంది. ఒకరు పైకెక్కి కారు తెచ్చి కింది రోడ్డు వద్ద ఉంటే, రెండవవారు నిదానంగా దిగవచ్చు. లేదా అనుకున్న ప్రకారం లీ లోయ ఎక్కవచ్చు, అది ఇంకా నిటారు అని విన్నాము. లేదా దిగిన దారినే మళ్లీ ఎక్కవచ్చు. కాలు వాచినవారు మొదటి మార్గమే సరైనదన్నారు. రెండవవారు ఒప్పుకోలేదు. ఫోను పలకని చోట విడిపోతే, ఒకరికి ఏమైనదీ మరొకరికి తెలియదన్నారు. "విడిపోవద్దు" అన్న ఆ మాట ఈ అడవి గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలిసింది. కాసేపు నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరకు తెలిసిన దారే మేలనుకున్నాము.

ముందు జొహర్ నమాజు చేయాలి. వాగులో వుజూ చేస్తుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. తెలుగునాట పుట్టినవారికి ఖిబ్లా అంటే పడమర. ఇల్లు కట్టినా, మంచం వేసినా ఆ దిక్కు తలలో ఉంటుంది. ఇక్కడ అది ఈశాన్యం. ఇరవై ఏళ్లైనా ఆరుబయట నిలబడిన ప్రతిసారీ శరీరం మొదట పడమరకే తిరగబోతుంది. ఫోను దిక్సూచిని నమ్మాలా వద్దా అని, నీడలు చూశాము. మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరం చూపుతుంది, దాని నుండి కుడివైపు కొంత మళ్లితే ఈశాన్యం. రెండూ ఏకీభవించాయి. ఒకరు నిలబడి, ఒకరు రాతి మీద కూర్చుని నమాజు పూర్తి చేశాము. సజ్దా చేసిన చోట పసుపు ఆకులు ఉన్నాయి. లేచేసరికి ఒకటి నుదుటికి అంటుకుని ఉంది.

పరాటాలు తింటుండగా లీ లోయ దిగి వచ్చిన ఒక వృద్ధ దంపతులు మమ్మల్ని చూసి ఆగారు. సంగతి విని, ఆ పెద్దాయన తన రెండు ఊతకర్రలలో ఒకటి ఇచ్చి, తిరిగి ఇవ్వడం ఎలాగని మేము అడగకముందే వెళ్లిపోయాడు. ఆ కర్ర ఇప్పుడు మా తలుపు వెనుక ఉంది.

ఎక్కడం మొదలుపెట్టేసరికి రెండు దాటింది. ఈసారి నిదానం గలవారు ముందు నడిచారు, కర్ర పట్టుకున్నవారు వెనుక. పాతికేళ్ల వరుస తారుమారైంది. ముందున్నవారు ప్రతి రాతినీ కాలితో నొక్కి చూసి, "ఇది కదులుతోంది", "ఇక్కడ వేరుంది", "ఎడమ వైపు వెయ్యండి" అంటూ పోతుంటే, వెనుకవారు ఆ అడుగులోనే అడుగు వేస్తూ పోయారు. ఇరవై మెట్లకు ఒకసారి ఆగాలని ముందున్నవారే నిర్ణయించారు. వెనుకవారు మారుమాట్లాడలేదు.

దిగేటప్పుడు జలపాతాలకు వీపు చూపి దిగాము. ఎక్కేటప్పుడు అవి ఎదురుగా వచ్చాయి. పొద్దున నీడలో ఉన్నవాటిపై ఇప్పుడు ఎండ పడుతోంది. ఆకులు నీటి అంచు దాకా కొట్టుకువచ్చి, ఒక క్షణం నిలిచి, కింద పడి, సుడిలో గుండ్రంగా తిరిగి ఒడ్డు చేరుతున్నాయి. పొద్దున ఇది చూడలేదు. మెట్లు కూడా పొద్దున చూడలేదనే చెప్పాలి. ఆగిన ప్రతిసారీ చూడడానికి ఎదుట ఉన్నవి అవే గనుక, వాటి పనితనం అర్థమైంది.

వాటి కథ ఇది. రాబర్ట్ బ్రూస్ రికెట్స్ అనే ఆయన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యం పక్షాన ఫిరంగిదళ నాయకుడు, గెటిస్‌బర్గ్‌లో పోరాడినవాడు. యుద్ధానంతరం ఈ కొండలు కొన్నాడు. ఆయన భూమి ఒక దశలో 80,000 ఎకరాలకు మించింది. ఈ లోయలలో జలపాతాలున్నాయన్న సంగతి చేపలు పట్టడానికి వాగు వెంట వెళ్లిన అతిథుల వలన బయటపడిందట. మాట్ హెర్లింగర్ అనే పనివాడినీ, మరో ఐదుగురినీ నియమించి ఈ బాటలు, మెట్లు వేయించాడు. 1889లో మొదలైన పని 1893 వరకు సాగింది. ఆరుగురు మనుషులు, నాలుగేళ్లు. యజమాని పేరు ఉద్యానవనానికి నిలిచింది, ఒక జలపాతానికీ ఉంది. పనివారి పేరు ఏ జలపాతానికీ లేదు. ఆ నాడు వారు కూర్చిన దారే ఈ నాడు మా భారం మోసింది. కాలు వాచినవారికి ఏ మెట్టు ఎత్తెంతో బాగా తెలుస్తుంది, పొరుగు మెట్టు కంటే మరీ ఎత్తైనది ఎదురైతే ఆ ఆరుగురిని తలచుకోవడమూ జరిగింది.

అదే రికెట్స్ తన తక్కిన అడవిని కలప వ్యాపారులకు అమ్మాడు. 1890 నుండి ఇరవై ఏళ్లకు పైగా ఈ కొండలలో రంపాలు ఆగలేదు. హెమ్లాక్ చెట్లను కలప కోసమే గాక పట్ట కోసం కూడా నరికేవారు. సోక్రటీసుకు తాగించిన హెమ్లాక్ ఇది కాదు, అది ఒక విషపు మొక్క. ఇది సరుగుడులా సన్నని ఆకులుండే పెద్ద వృక్షం. దీని పట్టతో తోళ్లు పదును చేసేవారు. మన వైపు తంగేడు చెక్కతో చేసినట్లే. తంగేడు పొద గనుక నరికినా మళ్లీ చిగురిస్తుంది. హెమ్లాక్ అలా కాదు. కొండలన్నీ బోడులైనా ఈ జలపాతాల లోయల జోలికి మాత్రం గొడ్డలి రాలేదు. ఎందుకు మిగిల్చాడో ఆయనకే తెలియాలి. ఫలితంగా మూడు వందల ఏళ్లు దాటిన చెట్లు ఇక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. దీన్ని జాతీయ ఉద్యానవనం చేయాలని 1930లలో ఒక యోచన జరిగింది గాని, యుద్ధం వచ్చి అది ఆగిపోయింది. 1942లో రాష్ట్రం లోయలను కొన్నది, 1944లో ఉద్యానవనం తెరుచుకుంది.

గొడ్డలి తప్పిన ఈ చెట్లకు ఇప్పుడు పురుగు పట్టుకుంది. జపాన్ నుండి వచ్చిన ఒక అతి చిన్న రసం పీల్చే పురుగు. ఆకు అడుగున దూదిపింజల్లా తెల్లని గుడ్ల సంచులు పెడుతుంది. దేశపు తూర్పు భాగంలో దీన్ని మొదట 1951లో వర్జీనియాలో గుర్తించారు. మేము ఆగిన ఒకచోట వంగిన కొమ్మను తిప్పి చూశాము. ఆ కొమ్మకు లేదు. పడబోయినవారిని ఆపిన చెట్టు కనబడినప్పుడు దాని ఆకులు కూడా చూడబోయాము గాని, కొమ్మలు చేయి అందని ఎత్తున ఉన్నాయి.

ఇరవై మెట్లకొకసారి ఆగుతూ ఉంటే మాట్లాడక తప్పదు. ఒకరి మొహం ఒకరికి కనబడకపోవడం కూడా మంచిదే అయింది. తిరిగి వెళ్దామన్నవారు, అమ్మ కోసమే కాదని మొదటిసారి ఒప్పుకున్నారు. పిల్లలు లేని ఆ ఇంటిలోకి సాయంత్రం తాళం తీసి అడుగు పెట్టాలంటే భయమన్నారు. ఆగుదామన్నవారు, చదువు ఫీజులు ఒక కారణమే గాని అసలు కారణం వేరన్నారు. ప్రొద్దుటూరులో అమ్మ తప్ప మనలను ఎరిగినవారు ఇప్పుడెవరున్నారు, ఆమె తరువాత అక్కడ మనమెవరం అన్నారు. ఈ మాటలు రెండు నెలలుగా నోట ఉన్నాయి. వాదంలో బయటికి రాలేదు, ఆయాసంలో వచ్చాయి.

గనోగా మెట్ల కింద ఎక్కువసేపు ఆగాము. 94 అడుగుల నీరు ఎదుట పడుతుండగా మాట వినిపించాలంటే చెవి దగ్గరికి రావాలి. మేము అక్కడ ఏదో గొప్ప నిర్ణయం తీసుకున్నామని రాయగలిగితే బాగుండేది. డిసెంబరులో ఒకరు మూడు నెలలకు వెళ్లి అమ్మ దగ్గర ఉండాలని, రెండవవారు చిన్నమ్మాయి సెలవులలో ఆమెను వెంటబెట్టుకుని రావాలని మాత్రం అనుకున్నాము. అటు తరువాతి సంగతి అటు తరువాత. ఎవరు వెళ్లాలన్న దానిపై మళ్లీ చిన్న వాదమే వచ్చింది. ఈసారి ఇద్దరమూ తామే వెళ్తామన్నాము.

కారు చేరేసరికి ఐదు కావస్తోంది. చేతిలో ఫ్లాస్కు, అందులో గోరువెచ్చని టీ. ఆ పూట మేము చూసినవి పది జలపాతాలు. లీ లోయలోని ఎనిమిదీ చూడలేదు. వాటిలో ఒకదాని పేరు ఓజోన్. ఆ పేరు ఎందుకొచ్చిందోనని దారి పొడవునా మాలో ఒకరికి ఒకటే ధ్యాస.

జీన్ సరస్సు ఒడ్డున అసర్ నమాజు చేసి, అక్కడే కూర్చున్నాము. ఆ దినాలలో సూర్యుడు ఆరున్నరకు కాస్త ముందే అస్తమిస్తాడు. నీటిలో అవతలి గట్టు తలకిందులుగా, ఎర్రగా ఉంది. గాలి లేచినప్పుడల్లా ఆ ఎరుపు చెదిరి మళ్లీ కుదురుకుంటోంది. అమ్మకు ఫోను చేద్దామంటే ఇండియాలో అప్పుడు తెల్లవారుజాము మూడు గంటలు. నాలుగు దాటితే తహజ్జుద్‌కు లేస్తుంది. మగ్రిబ్ ముగిసేదాకా ఆగాము. చలికి నారింజ చొక్కాల మీదుగా జానిమాజు కప్పుకున్నాము.

ఏడు గంటలకు, కొండ దిగే ముందు, సిగ్నల్ ఉన్న చోట కారు ఆపి ఫోను చేశాము. అమ్మ మొదటి మోగుకే ఎత్తింది. అడవికి వెళ్లిన సంగతి, ఆకుల సంగతి, జలపాతాల సంగతి చెప్పాము. ఇద్దరమే వెళ్లారా అని అడిగింది. ఔనన్నాము. కాలు మడతపడిన మాట దాచాలనుకున్నాము గాని, ఆమె గొంతు విన్నాక దాచలేకపోయాము.

"ఎవరు పడింది?" అని అడిగింది.

చెప్పాము.

"అనుకున్నాను" అంది అమ్మ.